ఇంకోచాలి

గుజరాతీ గల్లీలో మెట్ల కింద నయీముద్దీన్ కొట్టు.
అరచెయ్యంత తెర, కింద పడ్డా పగలని రబ్బరు తొడుగు,
లోపల గోరంత కార్డు.
"ఎన్ని గంటల సఫర్ సాబ్?"
అడిస్ మీదుగా లుసాకా, మధ్యలో ఆగడంతో కలిపి పదమూడు.
"బచ్చా ఉమర్?" రెండేళ్ళ రెండు నెలలు.
మందుల చీటీ చూసినట్టు నా మొహం చూసి
ఇరవై గంటల బొమ్మలు ఎక్కించాడు.
"బచ్చే కా భరోసా నై."
బ్యాటరీ సంగతి నేనడగలేదు, అతను చెప్పలేదు.

పళ్ళు తోముకునే ఏనుగులు, కళ్ళున్న లారీలు,
తోకలూపుకుంటూ చెరువులో దూకే అక్షరాలు.
ఇంటికొచ్చి నేనూ కొన్ని కలిపాను:
బాల్కనీ పావురం, పొంగే పాలు,
పుప్పాలగూడలో మా సందులోకి
వెనక్కి వెనక్కి వచ్చే నీళ్ళ ట్యాంకరు.
గొట్టం మోస్తున్న యాదగిరి ఫోను చూసి ఆగాడు.
"గిదేంది సార్, నీళ్ళకు గూడ సినిమానా?"
నలభై సెకన్లు.
చివర్లో అతని నవ్వు, సంపులో నీళ్ళ చప్పుడు.

నియమాలూ రాసుకున్నాను.
పైకి లేచేదాకా తెర తియ్యొద్దు.
గంటకి పావుగంటే. ముందు పుస్తకం, తర్వాత స్టిక్కర్లు.
వాళ్ళమ్మకి పంపితే
ఆస్పత్రి డ్యూటీలోంచి ఒక నవ్వు బొమ్మ వచ్చింది,
అంతే.

శంషాబాద్, రాత్రి రెండున్నర.
తలుపులు మూశారు, బెల్టులు బిగించారు, విమానం కదల్లేదు.
ఏదో చిన్న పరికరమట, ఇంకో పావుగంటట.
మా ఊళ్ళో "పాంచ్ మినిట్" అంటే ఎంతో
ఇక్కడ పుట్టినవాడికి చెప్పాలా?

పుస్తకం సీటు కిందికి పోయింది.
స్టిక్కర్లు ముందు సీటాయన బట్టతల మీదికి.
నియమాలు ఎటు పోయాయో చూసుకోలేదు.
ఏనుగుల్ని తోసేశాడు ఋభు, లారీల్ని తోసేశాడు,
ఇరవై గంటల సరుకు ఏడు నిమిషాల్లో చెల్లిపోయింది.
ట్యాంకరు దగ్గర ఆగాడు.

"ఇంకోచాలి."
ఇంకోసారి అనడం వాడికింకా రాదు.
ఆ మాటలో ఇంకో ఉంది, చాలు లాంటిదేదో కూడా ఉంది,
రెండోది వాడికి తెలీదు.
నలభై సెకన్లు. ఇంకోచాలి.
యాదగిరి నవ్వాడు, నీళ్ళు పడ్డాయి, యాదగిరి నవ్వాడు.
గంటయింది. రెండయింది.
పక్క సీట్లో పెద్దావిడ, బార్కస్ నుంచట,
తస్బీ తిప్పడం ఆపి తనూ ఒంగి చూసింది.
"పానీ ఆయా?"
తెల్లవారుజామున వరసలో పెట్టిన బిందెలన్నీ
ఒక్కసారి మోగాయి ఆ గొంతులో.
ఆయా, అన్నాను.
"షుకర్."

నాలుగు శాతం. మూడు.
ఛార్జింగ్ తీగ తల మీది పెట్టెలో, బెల్టు దీపం ఆరదు.
తెర నల్లబడింది.
అందులో మా ఇద్దరి మొహాలు, ఒకదాని కింద ఒకటి.
ఊపిరి బిగబట్టాను.
మా వరస మొత్తం బిగబట్టింది.

ఏడవడానికే తెరిచాడు నోరు.
తెరిచిన నోటితోనే కిటికీలోకి చూశాడు.
కింద, నీలం దీపాల అవతల,
పసుపు జాకెట్టు మనిషొకడు గొట్టం భుజానేసుకుని
రెక్క కిందికి నడుస్తున్నాడు.
అతని వెనకాల ట్యాంకరు,
వెనక్కి, వెనక్కి.

"యాగ్గిలీ!"

ఆయన యాదగిరి కాదనీ, అవి నీళ్ళు కావనీ,
అమ్మ దాకా పోవాలంటే దీనికీ దాహమేస్తుందనీ
చెప్పొచ్చు. చెప్పలేదు.
బార్కస్ ఆవిడ నా ఒళ్ళోంచి మీదికి ఒంగి
తనూ చూస్తోంది.
వాడి ముక్కు అంటుకుని అద్దం ఆవిరి పట్టింది.
చొక్కా చేత్తో తుడిచాను.
మళ్ళీ పట్టింది.